రెండు చిల్లుల ఓటు

ఒమన్ వెళ్ళొచ్చానని తెలిసిన రోజు నుంచి మా వీధిలో వాళ్ళు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. అక్కడ బంగారం ఎంతుంది, ఎండ ఎంతుంది. బంగారం నేను కొనలేదు. ఎండ మా రాజంపేట ముందు ఏమీ లేదు, ఎందుకంటే నేను వెళ్ళింది చలికాలంలో. మరి ఏం చూసొచ్చావమ్మా అంటే, ఎన్నికలు చూసొచ్చాను అంటాను. సుల్తాన్ ఉండే దేశంలో ఎన్నికలేమిటంటారు. ఒమన్ ఎన్నికలు కాదు, ఇండోనేషియా ఎన్నికలు అంటాను. అంతటితో వాళ్ళకు నా ప్రయాణం మీద ఆసక్తి పోయి, మా చెల్లెలి జీతం ఎంతో కనుక్కునే పనిలో పడతారు. ఆ జీతం నాకు తెలియదు. ఎన్నికల సంగతి తెలుసు కాబట్టి అదే రాస్తున్నాను.

నేను రిటైరైన సోషల్ టీచర్ని. మామూలు రోజుల్లో ప్రభుత్వానికి మేము గుర్తుండం గానీ ఎన్నికలొస్తే మాత్రం పేరుపేరునా గుర్తొస్తాం. వేలికి సిరా పూసే పనితో మొదలుపెట్టి ప్రిసైడింగ్ ఆఫీసర్ దాకా అన్ని కుర్చీల్లోనూ కూర్చున్నాను. బడి బెంచీల మీద పడుకున్నాను, ఏజెంట్ల చేత తిట్లు తిన్నాను, ఫ్యాను తిరగని గదుల్లో లక్క కరిగించి సీళ్ళు వేశాను. విమానమెక్కేటప్పుడు, ఇక ఈ జన్మలో పోలింగ్ బూత్ మొహం చూడనక్కర్లేదని నాకు చాలా సంతోషమేసింది.

వాడి కబీర్

మా చెల్లెలు ఉష మస్కట్‌లో వాడి కబీర్ అనే చోట ఉంటుంది. చుట్టూ బోడికొండలు, కొండల మధ్య వర్క్‌షాపులు, వర్క్‌షాపుల వెనక అపార్ట్‌మెంట్లు. దగ్గర్లోనే మనవాళ్ళ పిల్లలు చదివే బడి ఉంది. పొద్దున్నే వీధి నిండా స్కూలు బస్సుల హారన్లు. మొదటి రోజు ఆ చప్పుడుకి, ప్రేయర్‌కి ఆలస్యమైపోయిందనుకుని దిగ్గున లేచి కూర్చున్నాను. రిటైరయ్యాననేది ముఖం కడుక్కుంటే గానీ గుర్తుకు రాలేదు.

పెట్టె తెరిస్తే గోంగూర వాసన. మా వీధిలో ఉండే ఒకావిడ, ఒమన్‌లోనే బర్కా అనే ఊళ్ళో పనిచేసే తన అక్క రమణమ్మకిమ్మని పచ్చడి సీసా ఇచ్చింది. గట్టిగా బిగించానంది. ఆమె బిగించిన తీరుకి నా చీరలు మూడు నూనె తాగాయి. వాటిని ఉతికి బాల్కనీలో ఆరేశాను. కాసేపటికి వాచ్‌మన్ తలుపు కొట్టాడు. బంగ్లాదేశ్ మనిషి, చాలా మర్యాదస్తుడు. వీధికి కనపడేలా బట్టలు ఆరేయడం ఇక్కడ కుదరదని, జరిమానా పడుతుందని హిందీలో చెప్పాడు. మన దగ్గర ఇంటి ముందు చీర ఆరేయకపోతే ఊళ్ళో లేరేమో అనుకుంటారు. ఇక్కడ ఆరేస్తే నేరం. నేను చీరలు తీసి వంటింట్లో, ఉప్పు డబ్బాల పక్కన ఆరేశాను.

ఉష అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది. ఒక పూట నన్ను కూడా తీసుకెళ్ళింది. ఎటు చూసినా మంత్రిత్వ శాఖలు, బ్యాంకులు, కార్లు. నడిచేవాళ్ళు నేనూ, పావురాలూ. ఎండలో తిరిగి తిరిగి ఒక టీ కొట్టు పట్టుకున్నాను. కరక్ చాయ్ అంటారు, ఏలకులు దట్టించిన చిక్కటి టీ. వంద బైసాలు. నేను రూపాయల్లోకి మార్చి, ఇరవై పైన పడిందని సాయంత్రం ఉషకి చెప్పాను.

"అక్కా, అట్ల గుణిస్తా పోతే నువ్వు ఈడ మంచినీళ్ళు గూడా తాగలేవు," అంది. నిజమే, నీళ్ళ సీసాని కూడా అప్పటికే గుణించి ఉన్నాను.

బర్కా

సెలవు రోజు చూసుకుని ఉష నన్ను బర్కాలో దింపింది. పచ్చడి ఇచ్చి వెంటనే వచ్చేద్దామనుకున్నాం. కానీ ఆ ఇంటివాళ్ళు నన్ను వదల్లేదు. మర్నాడు ఆఫీసు ఉన్న ఉష వెళ్ళిపోయింది, ఆఫీసు లేని నేను ఉండిపోయాను.

ఆ ఇల్లు ఒక ఖర్జూరపు తోటలో ఉంది. యజమాని సాలిమ్ ఒమనీ రైతు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. ఆయన భార్య సితి ఇండోనేషియా ఆవిడ. ఎప్పుడో పనికని వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడింది. కానీ పాస్‌పోర్టు మాత్రం తన దేశానిదే ఉంచుకుంది. మా రమణమ్మ ఆ ఇంట్లో వంట చేస్తుంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సీసా మూత తీసి వాసన చూసి ఇంకోసారి పెట్టుకుంది.

నాకు హాల్లో ఖహ్వా ఇచ్చారు. గువ్వ గుడ్డంత కప్పులో చేదు కాఫీ, పక్కన ఖర్జూరాలు. తాగేశాను. సాలిమ్ మళ్ళీ పోశాడు. పెద్దమనిషి పోస్తుంటే వద్దనలేక తాగాను. మళ్ళీ పోశాడు. ఆయన నిలబడే ఉన్నాడు, నేను తాగుతూనే ఉన్నాను. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ ఇద్దరం చిరునవ్వు నవ్వుకున్నాం. రమణమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"టీచరమ్మా, చాలంటే కప్పు అట్లా ఇట్లా ఊపల్ల. ఊపకపోతే తెల్లారేదాకా పోస్తానే ఉంటారు. నేను వచ్చిన కొత్తలో తెలీక తాగి, రెండు దినాలు కన్ను మూయలా."

ఊపాను. సాలిమ్ ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు.

ఆ ఇంట్లో ఇంకొకరున్నారు. సితి వాళ్ళమ్మ, పేరు పోనియెం. ఎనభై దాటిన మనిషి. రమణమ్మ ఆమెను అవ్వ అంటుంది, నేనూ అవ్వ అనే అన్నాను. అవ్వకి జావా భాష తప్ప వేరేది రాదు. ఆమె మాటను సితి అరబ్బీలో చెబుతుంది, ఆ అరబ్బీని రమణమ్మ నాకు తెలుగులో చెబుతుంది. జావా దీవిలో బయల్దేరిన మాట నా దగ్గరికి వచ్చేసరికి కడప యాస అయ్యేది. అందువల్ల ఇప్పటికీ ఆ అవ్వని తలుచుకుంటే రాజంపేట బస్టాండులో తగిలిన మనిషే అనిపిస్తుంది.

నేను వెళ్ళేసరికి అవ్వ ఒక దిండు ముందు కూర్చుని ఉంది. చేతిలో మేకు. దిండు మీద నాలుగు మడతలు పెట్టిన పాత న్యూస్‌పేపర్. సితి పక్కన నిలబడి కేకలేస్తోంది. అవ్వ వణికే చేతులతో మడతలు విప్పుతోంది, మేకుతో పొడుస్తోంది. సితి కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి చూసి మళ్ళీ అరుస్తోంది. నేనది ఏదో పూజ అనుకున్నాను.

"పూజ కాదు టీచరమ్మా, ఓటు," అంది రమణమ్మ. "శుక్రవారం వీళ్ళకు ఎంబసీలో ఎలక్షను. వీళ్ళు ముద్రలు గుద్దరంట, బటన్లు నొక్కరంట. మేకు తీసుకోని బొక్క పెట్టల్లంట. కాగితం పూరాగా విప్పకుండా పొడిస్తే మడతలో రెండు బొక్కలు పడతాయి. అబ్బుడు ఓటు కల్లాస్. అందుకే ఈయమ్మ వాళ్ళమ్మకు ట్యూషన్ చెప్తాండాది."

విదేశంలో కూర్చుని ఓటెయ్యనిస్తారా అని నేను ఆశ్చర్యపోయాను. రమణమ్మ పచ్చడి వేలికంటించుకుని నాకుతూ, "మనకైతే టికెట్టు పెట్టుకోని ఊరికి పోవల్ల. వీళ్ళకు పెట్టెనే ఈడికి వొస్తాది," అంది.

అవ్వ మొదటి ఓటు

ఆ సాయంత్రం తోటలో చాప వేసుకుని కూర్చున్నప్పుడు అవ్వ తన సంగతి చెప్పింది. నేను కూడా పోలింగ్ మనిషినేనని రమణమ్మ చెప్పడం వల్ల చెప్పింది.

వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక యాభైల్లో మొట్టమొదటిసారి ఎన్నికలు జరిగాయి. అప్పటికి అవ్వకి ఓటు వయసు రాలేదు. కానీ పెళ్ళయితే చాలు, చిన్నవాళ్ళకైనా ఓటిచ్చేవాళ్ళట. అవ్వకి అప్పుడే పెళ్ళయింది. పెళ్ళి బట్టలు వేసుకుని తెల్లారకముందే వెళ్ళి వరసలో నిలబడింది. ఊళ్ళో అందరూ పండగ బట్టల్లోనే వచ్చారు. కాగితం నిండా పార్టీల గుర్తులు. ఇష్టమైన గుర్తు మీద పొడవాలి. మడతలు పూర్తిగా విప్పాలని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు, కొత్త కోడలు కదా.

"సాయంత్రానికి ఊరి మద్దెలో పెట్రోమాక్స్ లైటు పెట్టి లెక్కబెట్టినారంట," రమణమ్మ చెప్పింది. "వీళ్ళ లెక్కలో దాపరికం లేదు. ఒక్కో కాగితం లైటుకు పట్టి అందరికీ చూపిస్తారు. బొక్కలోనించి వెలుతురు కనపడతాది. సరిగ్గుంటే ఆఫీసరు ‘సాహ్’ అంటాడు. అంటే చెల్లుతాదని. అందరూ సాహ్ అంటారు. అట్ల అంటా ఉంటే ఒక కాగితం లేపినారు. రెండు బొక్కలు. రెండు గుర్తుల మీదా పడినాయి. చెల్లదన్నారు. యెనకనించి ఎవడో, ‘ఎవరో ఆడమనిషి ఏసింటాది’ అన్న్యాడంట. ఊరంతా నగినారు. ఈమె మొగుడు అందరికంటే గట్టిగా నగినాడంట."

"మరి అవ్వ ఏం చేసింది?" అన్నాను.

ప్రశ్న రెండు భాషలు దాటి వెళ్ళింది, జవాబు రెండు భాషలు దాటి వచ్చింది.

"నేనూ నగితి, అంటాంది."

ఆ తర్వాత వచ్చిన ఎన్నికలన్నింటికీ అవ్వ ఓటెయ్యడానికి వెళ్ళింది. లెక్కింపుకి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. తన ఓటు చెల్లిందో లేదో ఆమెకి ఎన్నడూ తెలియదు. మొగుడు పోయాక కూతురి దగ్గరికి ఒమన్ వచ్చేసింది. ఈసారి ఓటెయ్యడమే కాదు, లెక్కింపుకి వెళ్ళి తన కాగితం పైకి లేవడం చూడాలట. ఒక్క చిల్లులోంచి వెలుతురు రావాలి, నలుగురూ సాహ్ అనాలి. మళ్ళీ ఎన్నికలదాకా తనుంటుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ మాట మామూలుగానే చెప్పింది.

సాలిమ్ ఇదంతా విని, మొన్న వాళ్ళ చట్టసభ మజ్లిస్‌కి తనూ ఓటేశానన్నాడు. ఫోన్లో వేశాడట. కారులో కూర్చుని, ఏసీ వేసుకుని.

"ఎవరన్నా పైకెత్తి చూపించినారా?" అని అవ్వ అడిగింది.

"లేదు."

"అయితే పడిందని నీకెట్ల తెలుసు?"

సాలిమ్ ఫోను వైపు చూసుకున్నాడు. నేను మన పద్ధతిని సమర్థించబోయి, మా మిషను బటన్ నొక్కగానే కూత పెడుతుందని చెప్పాను. కూత పెట్టింది మన ఓటుకేనని నమ్మకమేంటని అవ్వ అడిగింది. చీటీ పడటం కూడా కనిపిస్తుందని చెప్పాను. ఆ చీటీ చేతికిస్తారా అంది. ఇవ్వరు అన్నాను. అవ్వ నా భుజం తట్టింది, పాపం అన్నట్టు.

పోలింగ్

శుక్రవారం పొద్దున సితి కారు నడిపింది. అవ్వ ముందు సీట్లో, రమణమ్మా నేనూ వెనక. దారిలో సితి వాళ్ళమ్మకు పాఠం చెబుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్ వదిలి గాల్లో కాగితం విప్పి చూపించేది. పరీక్ష రోజు గేటు దాకా నోట్సు వల్లెవేయించే తల్లులను చాలామందిని చూశాను. కూతురు తల్లికి వల్లెవేయించడం మాత్రం అక్కడే చూశాను.

ఎంబసీ ఆవరణంతా జాతర. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నర్సులు, ఓడల్లో పనిచేసేవాళ్ళు, అందరూ రంగురంగుల పువ్వుల అద్దకం బట్టల్లో. నెలల తర్వాత కలిసిన స్నేహితురాళ్ళు కావలించుకుని ఏడుస్తున్నారు, ఫోటోలు దిగుతున్నారు. ఒక పక్క బల్లల మీద తిండి. అరటికాయ బజ్జీ కాదు, అరటిపండు బజ్జీ. నాకు మొదట అపచారమనిపించింది. తర్వాత మూడు తిన్నాను. సోయా గింజలు పులియబెట్టి అచ్చు కట్టి వేయించిన టెంపే అనే ముక్కలు కూడా తిన్నాను. మన వడియాలకు దూరపు చుట్టం లాంటి రుచి.

నాకు ఓటు లేదు కాబట్టి గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు. అక్కడి నుంచి గదంతా కనిపిస్తుంది. నేను ఊరుకోలేక తనిఖీ చేశాను. అట్టతో చేసిన అరలు, సరే. అరలో మెత్తటి స్పాంజి, దాని మీద దారంతో కట్టిన మేకు, సరే. ఏజెంట్లు టీ తాగుతున్నారు గానీ కొట్టుకోవట్లేదు, ఇది కొంచెం అనుమానాస్పదం. ఓటేశాక చిటికెన వేలు సిరా బుడ్డిలో ముంచుతారు. మన దగ్గర పుల్లతో గీత గీస్తాం. ఎంతమంది వేళ్ళకు ఎంత పొదుపుగా గీశానో తలుచుకుని, ఆ బుడ్డి వైపు కాసేపు అసూయగా చూశాను.

అవ్వ వంతు వచ్చింది. తోడు ఒకరు లోపలికి రావచ్చని ఆఫీసరు చెప్పాడు. సితి సిద్ధంగా నిలబడింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. సితి బతిమాలింది, తర్వాత కోప్పడింది. అవ్వకి దగ్గరివి కనపడవు, దూరానివే కనపడతాయి. చేతులు వణుకుతాయి. కూతురు చెప్పేదాంట్లో తప్పులేదు. నేను కూడా గుమ్మం దగ్గరి నుంచి, "తీసుకెళ్ళవ్వా, అది రూల్లోనే ఉంది," అని తెలుగులో అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన రమణమ్మ, "గమ్మునుండు టీచరమ్మా," అంది.

అవ్వ కర్ర పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. అట్ట వెనక ఆమె తల కూడా కనపడలేదు. కాగితం గరగరలాడుతోంది, ఆగుతోంది, మళ్ళీ గరగరలాడుతోంది. వరసలో వాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. ఆఫీసరు దగ్గాడు. నేనైతే ఈపాటికి లేచి వెళ్ళి ఏమ్మా అయిందా అని అడిగేదాన్ని. చివరికి మేకు చప్పుడైంది. ఇంకాసేపటికి అవ్వ బయటికొచ్చి కాగితం పెట్టెలో వేసి, చిటికెన వేలు బుడ్డిలో మణికట్టు దాకా ముంచబోయింది. ఆఫీసరు పట్టుకుని ఆపాడు.

ఆ తర్వాత సితి వంతు. ఈలోగా అవ్వ కర్ర అక్కడే మరిచిపోయి బజ్జీల వైపు నడవడం మొదలుపెట్టింది. సితి అటొక చూపు, ఇటొక చూపు చూస్తూ పొయ్యి మీద పాలు పెట్టొచ్చినదానిలా లోపలికెళ్ళి, అంతే వేగంగా వచ్చి, కర్ర తీసుకుని తల్లి వెనక పరిగెత్తింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో సితి అడిగింది, మడతలన్నీ విప్పావా అని.

"చేతికి తగిలినవన్నీ విప్పినా. తగలందేమన్నా ఉండాదేమో దేవునికే తెలియల్ల," అంది అవ్వ.

లెక్క కోసం

వాళ్ళ దేశంలో పోలింగ్ జరిగే రోజునే ఇక్కడి పెట్టెలు తెరుస్తారట. అప్పటిదాకా ఉండాల్సిందేనని నేనే పట్టుబట్టి బర్కాలో ఉండిపోయాను. మస్కట్లో కోట, పెద్ద మసీదు, సూక్ బజారు చూడాలి కదక్కా అని ఉష ఫోన్లో మొత్తుకుంది. కోటలు మనకూ ఉన్నాయిలే అన్నాను.

అవ్వకి తిండి సయించడం మానేసింది. రమణమ్మ అన్నంలో గోంగూర కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని, మళ్ళీ దిండు ముందుకెళ్ళి కూర్చునేది. ఓటు అయిపోయాక కూడా పాత పేపర్ మడిచి విప్పి, ఎన్ని మడతలుండేవో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేది. ఆమెకి అదొక్కటే బాధ. మళ్ళీ రెండు చిల్లులు పడి ఉంటే, మళ్ళీ ఆ నవ్వు వినాలి.

నాకూ ఆమె బెంగే పట్టుకుందని చూసి సాలిమ్ నన్ను బర్కా చేపల వేలంపాటకు తీసుకెళ్ళాడు. సముద్రం ఒడ్డున సొరచేపల్ని ఇసుక మీద పరిచి అరుస్తున్నారు. నేను శాకాహారినని ఆయనకి చెప్పే భాష నాకు రాదు. ఆయన నాకోసం ఒక పెద్ద చేప కొన్నాడు. రమణమ్మ దాన్ని చూసి నావైపు చూసి, "ఖల్లీ వల్లీ, నేను తింటాలే," అంది. అంటే పోనీ వదిలెయ్ అని. గల్ఫులో మనవాళ్ళు కష్టాలన్నింటికీ ఆ మాటే వాడతారు.

లెక్కింపు

ఈసారి హాలు లోపలికి అందర్నీ రానిచ్చారు. ఓటు లేకపోయినా, దేశం కాకపోయినా, కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవచ్చు. మన దగ్గర లెక్కింపు కేంద్రం చుట్టూ కంచె, పోలీసులు, పాసులు. ఇక్కడ తల్లులు చంటిపిల్లలకి పాలిస్తూ చూస్తున్నారు. అట్ట డబ్బాల్లో టిఫిన్ పంచారు, నాకూ ఒకటిచ్చారు.

మధ్యాహ్నం మొదలైంది. ఒకాయన కాగితం తీసి, విప్పి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటాడు. ఎవరి బొమ్మ మీద వెలుతురు పడిందో చెబుతాడు. "సాహ్!" అంటాడు. హాలంతా "సాహ్!" అంటుంది. ఇంకొకాయన బోర్డు మీద గీత గీస్తాడు. ఎత్తడం, సాహ్, గీత. నాకు ఆ వరస ఎంత నచ్చిందంటే కొంతసేపటికి నేను కూడా గట్టిగా సాహ్ అనడం మొదలుపెట్టాను. ఎవరు గెలుస్తున్నారో నాకు తెలియదు, అవసరమూ లేదు.

అవ్వ ముందుకు వంగి కళ్ళార్పకుండా చూస్తోంది. సితి ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. కాగితం లేచిన ప్రతిసారీ మేం నలుగురం ఊపిరి బిగబట్టి, ఒక్క చిల్లే కనిపించగానే వదిలేవాళ్ళం.

పెట్టె సగం పైగా ఖాళీ అయ్యాక ఒక కాగితం లేచింది. రెండు చోట్ల వెలుతురు.

హాల్లో సాహ్ రాలేదు. ఎత్తినాయన దించి చూసుకుని మళ్ళీ ఎత్తాడు. వెనక వరసలోంచి ఎవరో కుర్రగొంతుతో ఏదో అన్నారు, పదిమంది దాకా నవ్వారు. రమణమ్మ సితిని అడిగి, నా చెవిలో చెప్పింది. "ఎవరో ముసిల్ది ఏసింటాది, అన్న్యాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి, నలభై మంది పిల్లలను నోరు మూయించే చూపొకటుంది, అది చూశాను. ఇటు తిరిగేసరికి అవ్వ లేచి నిలబడి ఉంది.

కర్ర కూడా పట్టుకోలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, అందరికీ వినపడేలా ఒకే ఒక్క మాట అంది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది. నాదే అంది.

నవ్వు ఆగిపోయింది. ఆఫీసరు బల్ల దాటి వచ్చి, వంగి, చాలా మెల్లగా ఏదో చెప్పాడు. ఓటెవరిదో చెప్పకూడదవ్వా, కూర్చో అన్నాడట. కూర్చోలేదు. ముసలామె అలా నిలబడే ఉంది, ఆఫీసర్లు ఏజెంట్లు బల్ల చుట్టూ మూగారు. ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూశారు. ఒకాయన నిబంధనల పుస్తకం తెచ్చాడు. నేను నా కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాను. డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే జరగడం నాకు భరించరానిదిగా అనిపించింది. సితి అయితే తల మీది ముసుగు ముఖం మీదికి లాక్కుని నేల చూపులు చూస్తోంది.

చివరికి ఆఫీసరు కాగితాన్ని మళ్ళీ పైకెత్తి వేలితో చూపించాడు. ఒక చిల్లు ఒక అభ్యర్థి బొమ్మ మీద ఉంది. రెండోది మడత వల్ల అవతలి ఖాళీ అంచులో పడింది. ఇంకెవరి బొమ్మనీ తాకలేదు. ఓటరు మనసులో ఏముందో స్పష్టంగా ఉంది కాబట్టి చెల్లుతుంది.

"సాహ్!" అన్నాడు.

హాలు హాలంతా సాహ్ అంది. వెనక వరస మరీ గట్టిగా అంది. అవ్వ అప్పుడు కూర్చుంది.

తోవలో

మిగతా లెక్క పూర్తయ్యేదాకా ఉండి, బర్కాకి బయల్దేరాం. అవ్వ హుషారుగా ఉంది. టిఫిన్ డబ్బా మోకాళ్ళ మీద పెట్టుకుని తింటోంది. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. చెల్లితే చెల్లింది గానీ, ఒక్క చిల్లు చూడాలన్న ఆమె కోరిక తీరలేదు కదా. ఆ మాటే అడగమన్నాను. రమణమ్మ సితిని అడిగింది, సితి తల్లిని అడిగింది.

అవ్వ నవ్వి ఏదో చెప్పింది. సితి అరబ్బీలో చెప్పింది. రమణమ్మ నోరు తెరిచింది.

"నాది కాదు అది, అంటాంది టీచరమ్మా! నాది ముందే వొచ్చింది, బొమ్మలో టోపీ అంచున పొడిచినా, ఒకటే బొక్క, చక్కగా సాహ్ అన్న్యారు, నేను కండ్లారా చూసినా, అంటాంది."

"మరి ఎవరిదో ఓటు పట్టుకుని నాదని ఎందుకు లేచింది?"

ప్రశ్న ముందుకెళ్ళింది. అవ్వ నములుతూ, రోడ్డు వైపు చూస్తూ జవాబిచ్చింది. కొంచెం పొడుగు జవాబే. అది సితి దగ్గర ఆగిపోయింది. రమణమ్మ రెండుసార్లు, "ఏమంటాంది, ఏమంటాంది?" అని అడిగింది. సితి కారును పక్కకు తీసి ఆపింది. హైవే మీద లారీలు పోతున్నాయి. ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, తల్లి చెప్పిన మాటను తనే, తన గురించి, అరబ్బీలో చెప్పాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

రమణమ్మ కొంగు అందుకుంది. ముక్కు తుడుచుకుంది.

"ఈ పిల్లది నా చెయ్యి పట్టుకోనుండె. ఆ కాగితం లేస్తూనే దీని చెయ్యి మంచుగడ్డ అయిపాయ. అబ్బుడే తెలిసె నాకు, అంటాంది. నాకు చెప్పిచెప్పి, నా యెంట ఉరికే తొందర్లో ఇది మడత విప్పలా, అంటాంది."

సితి కళ్ళు తుడుచుకుని తల్లిని ఏదో అడిగింది. ప్రశ్న చిన్నదే. అంతమందిలో నువ్వెందుకు నవ్వులపాలయ్యావమ్మా అని అయ్యుంటుంది. అవ్వ డబ్బాలో మిగిలిన బజ్జీని కూతురి చేతిలో పెట్టి, మెల్లగా జవాబు చెప్పింది. ఈసారి సితి ఆపకుండా దాన్ని అరబ్బీలోకి మార్చింది. రమణమ్మ నా వైపు తిరిగింది.

"నా తూరి పక్కన లేచి నిలబడేదానికి ఎవరూ లేకపోయిరి. నీ తూరికి నేనుండా గదా, అంటాంది టీచరమ్మా."